టార్చిలైటు మేనిపూత – దాని సంరక్షణ

జేబులో ఇమిడే చిన్న టార్చిలైటు పైపూతను గురించి ఒక వ్యాసం వ్రాయబూనడం కొందరు విద్యార్థి మిత్రులకు వింతగా తోచవచ్చును. వెలుగునిచ్చే వస్తువుకు వెలుగే ముఖ్యము గాని, ఒంటిమీది గీతలతో పని యేమని వారడుగవచ్చును. ఆ ప్రశ్న సమంజసమైనదే. దానికి సమాధానం నాకు రసాయనశాస్త్ర గ్రంథాలలో కంటె ముందుగా మా ఇంటి పెరటిలో లభించినది.

మా పల్లెలో దానిని టార్చి అనేవారు కారు, బ్యాటరీలైటు అనేవారు. మా తండ్రిగారి వద్ద మూడు సెల్లులు పట్టే ఇత్తడి లైటొకటి ఉండేది. దానిపై వెండివలె తెల్లని నికెల్ పూత. వ్యవసాయపు మోటార్లకు కరెంటు రాత్రివేళలోనే వచ్చే రోజులవి. అర్ధరాత్రి దాటిన తరువాత ఆయన ఆ లైటు చేతబట్టుకొని చేలగట్ల మీదుగా బావి కాడికి వెళ్ళేవారు. నాకు పదేండ్ల వయస్సున్నప్పుడు, ఒక పండుగకు ముందు, ఇంట్లోని ఇత్తడి బిందెలు, చెంబులు చింతపండుతోను ఇటుకపొడితోను తోముతుండగా, నేనును ఉత్సాహపడి ఆ లైటును తెచ్చి తోమినాను. అంచులవద్ద అప్పటికే అరిగియున్న తెల్లని పూత పూర్తిగా పోయి, లైటు బంగారంవలె మెరిసింది. మా తండ్రిగారు నవ్వి, “బంగారం చేసినావురా!” అన్నారు.

ఆ బంగారం రెండు మాసాలు నిలువలేదు. మొదట గోధుమవన్నె, పిదప నలుపు, మరల మధ్య పచ్చని చిలుము. పట్టుకొన్న చేతికి లోహపు వాసన. ఒక వానాకాలపు రాత్రి, బావికి ఊరికి నడుమ, లైటు ఆరిపోయి మరి వెలుగలేదు. చేలో పాముల సంచారమున్న కాలం. ఆయన పాదాలతో గట్టును తడుముకొంటూ ఇల్లు చేరినారు. మరునాడు ఉదయం లైటు విప్పి, మీటవద్ద పేరుకొన్న పచ్చని పొడిని కాగితంపై రాల్చి, “చూడు నాయనా, నీవు తోమిన మెరుపు ఇదే” అన్నారు. కోపపడలేదు.

చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఇత్తడి పైనున్న మరకను కరగించి మెరుపునిచ్చుట నిజమే. కాని ఆ రసం మరల మధ్యకు, మీట క్రిందికి దిగి అక్కడ నిలిచిపోయినది. పూత పోయిన లోహం గాలికి, చెమటకు, తేమకు నేరుగా లోనైనది. టార్చిలైటు విషయంలో ఒక సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. లోహపు లైట్లలో ఎక్కువభాగం వాటియందు గొట్టమే విద్యుత్ వలయంలో ఒక భాగము. సెల్లు అడుగుభాగం నుండి విద్యుత్తు స్ప్రింగు ద్వారా గొట్టంలోనికి, గొట్టం ద్వారా దీపం వద్దకు ప్రవహిస్తుంది. కనుక ఒంటికి పట్టిన చిలుము ఒంటితోనే ఆగదు, వెలుగును కూడ ఆపుతుంది.

కావున పూతను కాపాడదలచినవాడు ముందుగా అది యే జాతి పూతయో తెలిసికొనవలెను. ఒకదానికి హితమైనది మరియొకదానికి విషము కావచ్చును.

టార్చిలైటు వయస్సు పెద్దదేమీ కాదు. డేవిడ్ మిసెల్ అనే ఆయనకు 1899 జనవరిలో అమెరికాలో దీనిపై పేటెంటు లభించినది. తొలినాటి లైట్లకు ఒడలు కాగితపు గొట్టమే. కొసలకు మాత్రం ఇత్తడి. ఆనాటి సెల్లులు నిలుకడగా వెలిగించలేకపోవుటచేత, క్షణకాలం మెరిసే వెలుగు అన్న అర్థంలో దానికి ఇంగ్లీషులో ఫ్లాష్‌లైట్ అనే పేరు వచ్చినది. తరువాత కాగితం పోయి ఇత్తడి, ఇనుపరేకు, ప్లాస్టిక్కు వచ్చినవి. 1979లో అమెరికాలో ఆంథొనీ మాగ్లికా అల్యూమినియంతో చేసిన మాగ్‌లైటును, 1984లో దాని చిన్న రూపాన్ని అమ్మకానికి పెట్టినాడు. నేడు జేబులో ఇమిడే మేలురకపు ఎల్‌.ఇ.డి. లైట్లలో అధికభాగం ఆ అల్యూమినియం వంశానికి చెందినవే.

ఇత్తడి, ఇనుప లైట్లపై ఉండేది విద్యుల్లేపనం. అనగా ఒక లోహంపై వేరొక లోహాన్ని విద్యుత్తు సాయంతో పొరగా నిలుపుట. మొదట నికెల్, దానిపై కొన్నిటికి క్రోమియం. అద్దంవలె మెరిసే క్రోమియం పొర సాధారణంగా అర మైక్రానుకు మించదు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. బరువంతా క్రింది నికెల్ పొరదే. మన పట్టణాల వీధులలో పూర్వం కళాయివాడు వచ్చి, రాగి, ఇత్తడి గిన్నెలను కాల్చి, నవాసాగరం చల్లి, తగరం పూసి, దూదితో తుడిచేవాడు గదా! ఆ కళాయి అరిగితే మరల వేయించుకొనేవారము. నికెల్ పూత కూడ ఆ కోవలోనిదే. అది ఒంటికి తొడిగిన చొక్కా. చిరిగితే లోపలి ఒడలు వేరొక రంగులో బయటపడుతుంది. ఇనుపరేకు లైటుకైతే ఆ చిరుగులో తుప్పు పుట్టి, అంచుల క్రిందుగా ప్రాకి, మిగిలిన పూతను పొక్కులుగా లేపుతుంది. ఇటువంటి పూతను ఇటుకపొడి, బూడిద, గరుకుపీచు వంటి రాపిడి వస్తువులతో తోమరాదు. మెత్తని గుడ్డతో పొడిగా తుడుచుట, జిడ్డు పట్టినప్పుడు తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టుట, ఇంతే దాని సంరక్షణ.

అల్యూమినియం సంగతి వేరు. దానిపై ఉండేది తొడిగిన చొక్కా కాదు, పెంచిన చర్మము. ఈ ప్రక్రియకు ఆనోడీకరణమని పేరు. 1923లో ఇంగ్లండులో సముద్రవిమానాల భాగాలను ఉప్పునీటి నుండి కాపాడుటకై బెంగఫ్, స్టూవర్ట్ అనేవారు క్రోమిక్ ఆమ్లంతో ఈ పద్ధతిని నెలకొల్పినారు. 1927లో సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చేసే పద్ధతి వచ్చినది. నేడు వ్యాప్తిలో ఉన్నది ఎక్కువగా అదియే. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో అల్యూమినియం వస్తువును ధనధ్రువంగా వ్రేలాడదీసి విద్యుత్తును పంపినప్పుడు, ఉపరితలంలోని అల్యూమినియమే ఆక్సిజన్‌తో కలసి ఆక్సైడుగా మారుతుంది. ఆ పొర సుమారు సగం లోహంలోనికి, సగం వెలుపలికి పెరుగుతుంది. కనుకనే అది పెచ్చుగా ఊడిరాదు. అందులో కంటికి కనబడని సూక్ష్మరంధ్రాలు అసంఖ్యాకంగా ఉంటాయి. ఆ రంధ్రాలలో రంగు నింపి, మరుగుతున్న నీటిలో ఉంచితే, ఆక్సైడు నీటిని గ్రహించి ఉబ్బి రంధ్రాలు మూసుకొంటాయి. ఎరుపు, నీలం, పసిడివన్నెల లైట్లు ఇట్లు తయారైనవే.

సుమారు గది ఉష్ణోగ్రతలో చేసిన సాధారణపు పొర మందం అయిదు మొదలు ఇరువదియైదు మైక్రానుల వరకు ఉంటుంది. ద్రావణాన్ని సున్న డిగ్రీల దరిదాపులకు చల్లార్చి, అధిక విద్యుత్తును పంపి చేసిన గట్టిపొర యాభై మైక్రానులకు కూడ చేరుతుంది. అది సహజంగానే బూడిదవన్నెకో ముదురువన్నెకో తిరుగుతుంది. తల వెండ్రుక మందం సుమారు డెబ్బది మైక్రానులని తలచుకొంటే, మన చర్చ యెంత పలుచని వస్తువును గురించి సాగుతున్నదో బోధపడుతుంది.

ఒక చిన్న ప్రస్తావన. లోహం నుండే పుట్టిన పూత మనకు క్రొత్త కాదు. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగమై ఉండిన బీదరులో బిద్రీ పనివారు తుత్తునాగంలో కొద్దిగా రాగిని కలిపి పోతపోసి, వెండిని పొదిగి, బీదరు కోటలోని మట్టిని నవాసాగరంతో కలిపిన లేపనాన్ని పూస్తారు. తుత్తునాగపు మిశ్రమలోహం కారునలుపుగా మారుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. ఆ నలుపు రంగు పూసినది కాదు, లోహమే మారిన రూపము. ఇంటిలో బిద్రీ పాత్ర ఉన్నవారికి పెద్దలు చెప్పే మాట ఒకటున్నది: వెండి మెరవాలని పాలిషు పెట్టి రుద్దవద్దు, నలుపు పోతుంది. అల్యూమినియం లైటుకు కూడ అక్షరాలా అదే మాట వర్తిస్తుంది. లోహాన్ని మెరిపించే పాలిషులన్నీ పైపొరను ఒరసివేసేవే గాని క్రొత్తగా దేనినీ ఇచ్చేవి కావు.

చేతిలోని లైటు ఏ జాతిదో తెలియనప్పుడు రెండు పరీక్షలు చాలును. అయస్కాంతం అంటుకొంటే లోపల ఇనుము. తరువాత మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉండే మల్టీమీటరు రెండు సూదులను ఒంటిమీద తేలికగా ఆనించి నిరోధాన్ని చూడవలెను. నికెల్, క్రోమియం పూతలు విద్యుద్వాహకాలు, సూచి కదులుతుంది. ఆనోడీకరించిన పొర విద్యుద్బంధకం, సూచి కదలదు. రంగు వేసిన లైటుకు కూడ కదలదు గాని, రంగుపొర తాకిడికి మెత్తగా ఉండి అంచులవద్ద పెచ్చులూడుతుంటుంది. సూదులను గట్టిగా గ్రుచ్చరాదు. పరీక్షలోనే గీత పడితే వ్యాసం వ్రాసిన ఫలమేమి?

ఇక గీతల విషయానికి వద్దాము. జేబులో తాళంచెవులతో కలిపి ఉంచితే లైటుకు గీతలు పడుతాయని అందరి నమ్మకము. నేను కూడ చిరకాలం అట్లే నమ్మినాను. ఒకసారి నల్లని లైటుపై పొడవైన తెల్లని గీత కనబడగా విచారించి, పెన్సిల్ వ్రాత చెరిపే రబ్బరుతో దానిని రుద్ది చూచినాను. గీత మాయమైనది. అది లైటుకు పడిన గాయం కాదు; తాళంచెవి అరిగి లైటుపై వదలిన లోహపు చార. నల్లబల్లపై సుద్దముక్క గీతవంటిది. బల్ల అరుగదు, సుద్దయే అరుగుతుంది.

దీనికి కారణం కాఠిన్యంలోని తారతమ్యం. 1812లో ఫ్రెడ్రిక్ మోహ్స్ ఖనిజాలను ఒకదానితో ఒకటి గీచిచూచి, ఒకటి మొదలు పది వరకు ఒక మానాన్ని ఏర్పరచినాడు. దానిలో అల్యూమినియం మూడుకు లోపలనే, ఇత్తడి మూడు నాలుగుల నడుమ. స్ఫటికాకారపు అల్యూమినియం ఆక్సైడు, అనగా మన కురువిందం, తొమ్మిది. ఇంగ్లీషులోని కొరండం అనే పేరు మన కురువిందానికి చుట్టమే. కెంపు, నీలం ఈ ఖనిజపు జాతులే. ఎమెరీ కాగితానికి గరుకునిచ్చేదీ ఇదియే. ఆనోడీకరించిన పొర ఇదే సమ్మేళనమైనను స్ఫటికాకారం లేనిది, రంధ్రాలతో కూడినది. కనుక దానికి కురువిందపు కాఠిన్యం ఉండదు. వ్యాపార ప్రకటనలలో నీలమణివంటి గట్టిదనం అని వ్రాస్తే కొంత తగ్గించి చదువుకొనవలెను. అయినను గట్టిరకపు పొర ఇత్తడి తాళంచెవి కంటె, మెత్తని ఉక్కు కంటె కఠినమైనది. పదునుపెట్టిన కత్తి అంచు ముందు మాత్రం అది ఓడిపోతుంది. మామూలు రకపు పలుచని పొరకు ఇంత బలం లేదు, తాళంచెవి దానిని కొంత ఒరయగలదు.

అయితే అసలు శత్రువెవరు? జేబు అడుగున కుట్టు మూలలలో చేరే దుమ్ము. తెలంగాణపు నేల అధికభాగం గ్రానైటు శిలపై ఏర్పడినది. ఆ శిల శిథిలమై మొరముగా, ఇసుకగా మారినప్పుడు అందులోని పలుగురాతి రేణువులు చెక్కుచెదరకుండ మిగులుతాయి. మోహ్స్ మానంలో పలుగురాయి ఏడు. లైటుపై ఏ పూతకైనను అది యమునివంటిది. నడచినప్పుడెల్ల జేబుగుడ్డ ఆ రేణువులను లైటుపై రుద్దుతుంటుంది. ఇంటిలోనే ఉప్పుకాగితం తయారైనట్లు. ఒక్కొక్క గీత కంటికి ఆనదు. కొన్ని మాసాల తరువాత నిగనిగలు పోయి లైటు పాలిపోయినట్లు కనబడుతుంది. కనుక తాళంచెవులను వేరు జేబులో వేసుకొనుట కంటె ముందు, జేబును వెలుపలికి తిరుగదీసి దులుపుట ఫలవంతమైన పని. దీనికి రూపాయి ఖర్చు లేదు. సంచిలో ఉంచేవారు ఆ సంచినే అపుడపుడు ఉదకవలెను. ఎన్నడూ ఉదకని సంచి, సంచి లేకపోవుట కంటె హానికరము.

లైటు అంతటా పొర ఒకే విధంగా నిలువదు. అంచులే ముందు తెల్లబడుతాయి. వినియోగించేవారు తమ అజాగ్రత్తయే కారణమనుకొంటారు గాని, అది కొంతవరకు పుట్టుకతో వచ్చిన లోపము. ఆక్సైడు ఉపరితలానికి లంబంగా పెరుగుతుంది. పదునైన అంచువద్ద ఇరువైపుల నుండి పెరిగే పొరలు రెండును పరస్పరం దూరంగా జరుగుతాయి గనుక నడుమ సన్నని చీలిక మిగులుతుంది. గుండ్రదీసిన అంచుపై ఈ లోపం తక్కువ. లైటు కొనేటప్పుడు అంచుపై వేలు నడిపి చూడవలెను. గోటికి తగిలేంత పదునున్న అంచులు గల లైటు, పట్టుకొరకు లోతైన గాడులు పదునుగా చెక్కిన లైటు, చూచుటకు యెంత అందమైనదైనను త్వరగా వన్నె తరుగుతుంది. కొనేటప్పటి ఈ ఒక్క నిమిషం పిమ్మట చేసే సంరక్షణ కంటె విలువైనదని నా అభిప్రాయం.

మరియొక బలహీనత: ఈ పొర గట్టిదే గాని దాని క్రింది లోహం మెత్తనిది. దుక్కిపై గాజుపలక పరచినట్లు. రాపిడికి తాళుతుంది, దెబ్బకు తాళదు. బండపై పడినప్పుడు క్రింది అల్యూమినియం సొట్టపడగా పైపొర ఆ వంపుకు లొంగక చిట్లుతుంది. అందుచేత మణికట్టుకు తగిలించుకొనే త్రాడు వంటి స్వల్పసాధనం, యెన్ని పాలిషులకంటెనైనను పూతను ఎక్కువగా కాపాడుతుంది.

పల్లెలలో పాత సైకిలుట్యూబు ముక్కను కత్తిరించి లైటు నడుముకు తొడుగుతుంటారు. ఇది మెచ్చదగిన ఉపాయము. పట్టు కుదురుతుంది, మంచంపై పెడితే దొర్లిపోదు, క్రిందపడినప్పుడు దెబ్బ తగ్గుతుంది. అయితే దాని క్రింద చెమట, ధూళి చిక్కుకొంటాయి గనుక నెలకొకసారి తీసి రెండింటినీ తుడువవలెను. రబ్బరులో గంధకం ఉంటుంది. అది ఇత్తడిని, రాగిని నల్లబరచును. అల్యూమినియానికి ఆ బాధ లేదు. శక్తిమంతమైన ఎల్‌.ఇ.డి. లైట్ల తలభాగాన్ని మాత్రం దేనితోను కప్పరాదు. అక్కడి గాడులు వేడి వెలుపలికి పోవుటకు ఉద్దేశింపబడినవి. తోలుసంచి మోసికొనుటకు మంచిదే గాని, మాసాల తరబడి అందులోనే ఉంచితే తోలు తేమను పట్టి ఇత్తడికి చిలుము పట్టిస్తుంది.

రాపిడి తరువాత చెప్పవలసినది క్షారము. అల్యూమినియం ఆక్సైడు అటు తీవ్రమైన ఆమ్లానికి, ఇటు క్షారానికి రెండింటికీ కరిగే స్వభావం గలది. చాకలిసోడా, కాస్టిక్ సోడా కలిసిన పొడులతో అల్యూమినియం లైటును కడిగితే రంగు వెలసి తెల్లమచ్చలు పడుతాయి. జేబులో తమలపాకులకై సున్నపుడబ్బీని, దాని ప్రక్కనే లైటును ఉంచుకొనే పెద్దలను నేను ఎరుగుదును. డబ్బీమూత వదులైతే తడిసున్నం ఆ పొరను తినివేస్తుంది, తరువాత లోహాన్ని కూడ. తాపీపనివారి చేతి లైట్లకు తడిసిమెంటు చేసే హాని కూడ ఇటువంటిదే. వెంటనే నీటితో కడిగి తుడిచితే ముప్పు తప్పుతుంది. రోజువారీ శుభ్రతకు సబ్బునీటిలో తడిపి పిండిన మెత్తని గుడ్డ, తరువాత మంచినీటి గుడ్డ, తరువాత పొడిగుడ్డ. అంతకుమించినది అనవసరం.

లోపలి నుండి వచ్చే ముప్పును కూడ మరువరాదు. మామూలు సెల్లులో తుత్తునాగపు డబ్బీయే ఋణధ్రువము. వెలుగు నిచ్చే కొలది ఆ డబ్బీ కరుగుతుంది. చివరకు చిల్లులుపడి లోపలి లవణద్రావణం కారుతుంది. కళాయివాడు చల్లిన నవాసాగరం, బీదరు మట్టిలో కలిపిన నవాసాగరం ఇక్కడ మరల దర్శనమిస్తుంది. పాతపద్ధతి సెల్లులలోని లవణం ముఖ్యంగా అదియే, క్రొత్తవాటిలో తుత్తునాగపు క్లోరైడు. ఆల్కలైన్ సెల్లులలోనైతే పొటాసియం హైడ్రాక్సైడు అనే తీవ్రక్షారం. అల్యూమినియం గొట్టానికి ఈ రెండవది మరింత ప్రమాదకరం. వాడకుండ అలమరలో పెట్టే లైటు నుండి సెల్లులు తీసివేయుట అనే పాతసలహాకు ఇదియే ఆధారము. కారిన ఆల్కలైన్ సెల్లు తెల్లని పొడిని వదలితే, చేతికి తొడుగు వేసికొని, నిమ్మరసంలో తడిపిన దూదితో తుడిచి, వెంటనే నీటిగుడ్డతో ఆ నిమ్మరసాన్ని కూడ తొలగించి ఆరబెట్టవలెను. నా చిన్ననాటి చింతపండు కథ ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకొనవలెను: ఆమ్లం తన పని ముగియగానే వెళ్ళిపోవలెను.

కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర పట్టణాలలో నివసించేవారికి ఉప్పుగాలి అదనపు బాధ. అల్యూమినియం లైటుకు తగిలించిన ఉక్కుక్లిప్పు క్రింద తెల్లని పొడి కనబడితే, అది దుమ్ము కాదు, లోహక్షయం. రెండు భిన్న లోహాలు ఉప్పుతేమలో కలిసినప్పుడు చిన్న విద్యుత్ఘటం ఏర్పడి, అల్యూమినియం కరుగుతుంది. క్లిప్పు వచ్చి పోయే దారిలో గీత పడుట కూడ సహజమే. క్లిప్పు ఆనేచోట పలుచని ప్లాస్టిక్కు టేపుముక్క అంటిస్తే ఈ రెండు బాధలూ తప్పుతాయి.

అన్నిటికంటె తక్కువగా గమనింపబడేది మరలపై పూత. అది యెవరికీ కనబడదు గనుక. కాని ప్రాణప్రదమైన ప్రయోజనం అక్కడనే ఉన్నది. పైన చెప్పినట్లు ఆక్సైడుపొర విద్యుత్తును పోనీయదు. మరలపై కూడ ఈ పొర ఉన్న లైట్లలో, గొట్టం కొస అంచు మాత్రమే నగ్నలోహంగా వదలి, దాని ద్వారా అడుగుమూతకు విద్యుత్తు చేరేటట్లు చేస్తారు. అటువంటి లైటులో మూతను పావుచుట్టు వదులు చేస్తే అంచు దూరమై, మరలు విద్యుత్తును పోనీయక, మీట నొక్కినను లైటు వెలుగదు. ప్రయాణంలో సంచిలోనో జేబులోనో లైటు తనంత తాను వెలుగకుండ ఇది మంచి రక్షణ. నేటి లిథియం సెల్లుల లైట్లు వెలిగి సంచిలో చిక్కుకొంటే గుడ్డ కమిలేంత వేడెక్కగలవు. ఇసుకరేణువులతో కూడిన మరలను కరకరమని త్రిప్పుతూ పోతే ఆ పొర అరిగి, ఒకనాడు పావుచుట్టు వదులు చేసినను లైటు వెలుగుతుంది. కనుక మరలు త్రిప్పినప్పుడు కరకర చప్పుడు వినబడితే అది హెచ్చరిక. గుడ్డతో పాతజిడ్డును తుడిచి, బియ్యపుగింజంత సిలికోన్ గ్రీజు రాయవలెను. వంటనూనెలు పనికిరావు, కాలక్రమాన జిగురై దుమ్మును పట్టి ఉంచుతాయి. పెట్రోలియం జెల్లీ కొన్ని రకాల రబ్బరు వలయాలను ఉబ్బించి పాడుచేస్తుంది. గొట్టం కొసన మెరిసే నగ్నపుటంచును చూచి పూత పోయినదనుకొని రంగు పూసేవారున్నారు. ఆ అంచు అట్లే ఉండవలెను.

పోయిన పూతను ఇంటివద్ద తిరిగి పెంచుట సాధ్యం కాదు. తెల్లబడిన అంచుపై నల్లని మార్కరు పెన్నుతో గీస్తే కొంతకాలం కంటికి మరుగుపడుతుంది. రక్షణ యేమీ ఉండదు. కారుకు పూసే మైనపు పాలిషులలో రాపిడిపొడి లేని రకాన్ని పలుచగా పట్టిస్తే చెమట అంటకుండ కొంత మేలు. బయటపడిన అల్యూమినియం గాలిలో తనంత తాను అతి పలుచని ఆక్సైడును కప్పుకొంటుంది. ఉప్పు, సున్నం తగులనంతవరకు ఆ చిన్నపాటి రక్షణ చాలును. టైటానియం, పూతలేని రాగి లైట్లు కూడ నేడు దొరుకుతున్నవి. రాగికి పట్టే ముదురువన్నెను అందంగా భావించి తుడువనివారున్నారు. అది వారి ఇష్టము, లోహానికి హాని లేదు. మరలవద్ద మాత్రం తుడువక తప్పదు.

మా తండ్రిగారి ఇత్తడిలైటు ఇప్పుడు నావద్దనే ఉన్నది. దానికి మరల నికెల్ వేయించవలెనని ఒకప్పుడు పట్టణంలో విచారించినాను. ముందుగా చిలుమంతా పోయేటట్లు యంత్రంపై ఒరయవలెనని, అట్లు చేస్తే మరలు వదులు కావచ్చునని ఆ పనివాడు నిజాయితీగా చెప్పినాడు. ఆ ప్రయత్నం మానుకొన్నాను. సెల్లులు తీసివేసి, మరలకు గ్రీజు రాసి, పొడిగుడ్డలో చుట్టి అలమరలో ఉంచినాను. ఒంటినిండ ముదురుగోధుమ వన్నె. మీటను ఊడదీసినప్పుడు దాని రేకు క్రింద, ఆనాడు నా ఇటుకపొడి చేరని చోట, గోరంత మేర నికెల్ ఇంకను తెల్లగా మెరుస్తున్నది.